ముష్టియోధులలో మేటి ఎవరు?

(ప్రసంగ పాఠము)



మన సీమలో 'ముష్టి' అన్న మాట వినగానే మొదట తోచే అర్థము వేరు. కరవు ఏట వాకిట నిలిచినవాని జోలెలో వేసే పిడికెడు గింజలు ముష్టి. పిడికిలి విప్పితే దానము, బిగిస్తే యుద్ధము. నేడు నేను ముచ్చటించబోయేది బిగిసిన పిడికిలిని గురించి. బలరాముని చేతిలో కూలిన మల్లుని పేరే ముష్టికుడు. భీముడు కీచకుని పిడికిటి పోటులతోనే మట్టుపెట్టినాడని హరికథలలో విన్నాము. కాబట్టి ఈ విద్య మనకు పేరుకు కొత్తది కాదు. అయితే చేతికి తొడుగు తొడిగి, నాలుగు ప్రక్కల త్రాళ్లు కట్టిన బరిలో, గడియారము చూచుకొంటూ పోరాడే బాక్సింగు ఇంగ్లండు నుంచి వచ్చినది. పోరాడడముతోపాటు పోరాడినవారిని వరుసగట్టడము కూడ ఆ దేశమువారికి బాగా అలవడిన విద్య.

సంవత్సరము ముగియవచ్చినదంటే అక్కడి పత్రికలలో ఒక పట్టిక తప్పక వస్తుంది: ఈ ఏటి మేటి బ్రిటిష్ ముష్టియోధులు, ఒకటి నుంచి పది వరకు. అది అచ్చయిన నాటినుంచి వాదములు మొదలవుతాయి. మన ఊళ్ల రచ్చబండ మీద ఎద్దుల జతలను గురించి వాదులాడుకొన్నట్లే అక్కడివారును వాదులాడుకొంటారు. వినేవారికి అది వేడుక. కాని ఆ వరుసలో పైమెట్టో క్రిందిమెట్టో దొరికే యోధునికి అది వేడుక కాదు, బ్రతుకు. పెద్ద పోటీకి ఎవరిని పంపవలె, ఎవరిని ఇంట కూర్చోబెట్టవలె అన్నది ఆ వరుసను బట్టియే తేలుతుంది. కావున వరుస కట్టడము న్యాయముగా జరుగుతున్నదా అని అడగడము తప్పు కాదు. ఆ ప్రశ్నను పట్టుకొని ఇంగ్లండులో బయలుదేరి, నిజామాబాదు మీదుగా, మన అనంతపురము చేరుదాము.

మొదట ఆట నియమములు రెండు మాటలలో. 1743 లో జాన్ బ్రౌటన్ అనే ఆంగ్ల యోధుడు మొట్టమొదటి నియమములు ఏర్పరచినాడు. కూలినవానిని కొట్టరాదు, నడుము క్రింద పట్టరాదు అన్నవి వానిలోనివే. 1867 లో క్వీన్స్‌బెరీ ప్రభువు పేరిట మరికొన్ని నియమములు వెలువడినవి. చేతికి తొడుగులు, మూడేసి నిమిషముల దఫాలు, దఫాకు దఫాకు నడుమ ఒక నిమిషము విశ్రాంతి, క్రిందపడినవాడు లేవడానికి పది సెకండ్ల గడువు, ఇవన్నీ అప్పుడు స్థిరపడినవే. 1909 లో లార్డ్ లాన్స్‌డేల్ పేరిట ఒక నడికట్టు, అనగా అలంకరించిన బెల్టు, ఏర్పాటైనది. తన తరగతిలో బ్రిటనుకు విజేతయైనవానికి దానిని ధరింపజేస్తారు. తగినన్ని పర్యాయములు గెలిచినవానికి అది సొంతమైపోతుంది. హెన్రీ కూపర్ అనే యోధుడొక్కడే అటువంటి బెల్టులను మూడింటిని సొంతము చేసికొన్నాడు.

'తన తరగతిలో' అన్నాను. ఈ మాట మన రైతులకు సులభముగా బోధపడుతుంది. తిరునాళ్లలో బండలాగుడు పందెములు చూడనివారెవరు? అక్కడ ఎద్దుల జతలన్నింటిని ఒకే పందెములో విడిచిపెట్టరు. పళ్లు చూచి, పాలపళ్ల జత, రెండు పళ్ల జత, నాలుగు పళ్ల జత, ఆరు పళ్ల జత అని వేరుపరుస్తారు. దేని పందెము దానిదే. బాక్సింగులో పళ్లు చూడరు, బరువు తూస్తారు. 2023 నాటి ప్రపంచ పోటీలలో స్త్రీలకు పన్నెండు, పురుషులకు పదమూడు బరువు తరగతులు ఉన్నవి. ఏబది కిలోల యోధురాలు ఏబది కిలోలవారితోనే తలపడుతుంది.

చిక్కు ఇక్కడనే పుట్టుతుంది. ఏబది కిలోల విజేత, ఏబదియేడు కిలోల విజేత, తొంబది కిలోల విజేత, ఈ ముగ్గురును ఎన్నడును ఒకే బరిలో ఎదురుపడరు. వారిలో ఎవరు మేటి అని తేల్చేదెట్లు? దీనికి బాక్సింగు లోకములో 'పౌండుకు పౌండు' అన్న నానుడి పుట్టినది. అందరి బరువును సమానమే అనుకొంటే నేర్పులో ఎవరు మిన్న అని ఊహించడము దాని భావము. అమెరికాదేశపు షుగర్ రే రాబిన్సన్‌ను పొగడుటకే ఈ మాట మిక్కిలిగా వాడుకలోనికి వచ్చినది. ఇది తూకపు రాళ్లు లేని తూకము. తూచేవాని మనస్సే ఇక్కడ త్రాసు. మనస్సు ఎటు మొగ్గితే ముల్లు అటు మొగ్గుతుంది.

రెండవ చిక్కు 'ఏడాది' అన్న గడువు. దీనికి ఇంగ్లండులోనే చక్కని ఉదాహరణ ఉన్నది. 1951 జూలై 10 న లండనులో రాండాల్ఫ్ టర్పిన్ అనే ఇరువదిమూడేండ్ల బ్రిటిష్ యువకుడు షుగర్ రే రాబిన్సన్‌ను పదునైదు దఫాల పోరులో ఓడించి ప్రపంచ విజేత అయినాడు. అంతవరకు తన వృత్తి జీవితములో రాబిన్సన్ ఓడినది ఒక్కసారే. ఇంగ్లండు అంతయు పండుగ చేసికొన్నది. అరువదినాలుగు దినములు గడిచినవి. సెప్టెంబరు 12 న న్యూయార్కులో వారిరువురే మరల తలపడినారు. పదవ దఫాలో రాబిన్సన్ కనుబొమ చీలి నెత్తురు కారుతున్నది. అయినను అతడే విజృంభించి టర్పిన్‌ను పడగొట్టినాడు. మధ్యవర్తి పోరు ఆపివేసినాడు. ఆ ఇద్దరు మనుష్యులే, ఆ సంవత్సరమే. జూలైలో పట్టిక వేస్తే ఒక వరుస, సెప్టెంబరులో వేస్తే మరొక వరుస. ఏది నిజము? రెండును నిజమే. పట్టిక నిలిచిన నీటిని చూపుతుంది. ఆట పారే నీరు.

ఇంగ్లండు వరుసలలో చాలకాలము మరొక లోపము ఉండినది. వానిలో స్త్రీలకు చోటే లేదు. బ్రిటనులో స్త్రీకి వృత్తి బాక్సింగు అనుమతి పత్రము 1998 లో గాని దొరకలేదు. అదియును జేన్ కౌచ్ అనే యోధురాలు న్యాయవిచారణకు పోయి గెలిచిన తరువాతనే. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బాక్సింగును చేర్చినది 2012 లో, లండనులో. ఆ మొట్టమొదటి స్వర్ణపతకమును లీడ్స్ నగరపు నికొలా ఆడమ్స్ గెలిచినది. ఆ తరగతిలోనే మన మణిపూరు వీరనారి మేరీ కోమ్ ఆడమ్స్ చేతిలోనే ఓడి కాంస్యపతకము తెచ్చినది. ఆ మేరీ కోమ్ పేరు ఈ ప్రసంగములో మరల వస్తుంది. జ్ఞాపకముంచుకొనండి.

ఇక మన తెలుగు నేలకు వద్దాము. బాక్సింగులో ప్రపంచ విజేత అనిపించుకొన్న తెలుగుబిడ్డ నిఖత్ జరీన్ నిజామాబాదులో 1996 లో పుట్టినది. అక్కడ బాలురకు బాక్సింగు నేర్పుతున్న షంసముద్దీన్ వద్ద ఓనమాలు దిద్దినది. తరువాత విశాఖపట్టణములో ద్రోణాచార్య పురస్కారము పొందిన ఐ. వేంకటేశ్వరరావు శిక్షణలో ఆరితేరినది. ఆ షంసముద్దీన్ కుమారుడే మహమ్మద్ హుసాముద్దీన్. సైన్యములో ఉద్యోగము చేస్తూ ఏబదియేడు కిలోల తరగతిలో దేశము తరపున పోరాడినవాడు. ఒకే పట్టణములో ఒకే గురువు నీడన పెరిగిన ఈ ఇద్దరిని ఇంగ్లీషువారి పద్ధతిలో ఏడాదికి వరుసగట్టి చూద్దాము.

2022 సంవత్సరము సులభము. ఫిబ్రవరిలో సోఫియా నగరములో నిఖత్‌కు స్వర్ణము. మే నెల 19 న ఇస్తాంబూలులో థాయిలాండు యోధురాలు జిట్‌పాంగ్ జుటామాస్‌ను 5-0 తో ఓడించి ప్రపంచ విజేత. ఆగస్టులో ఇంగ్లండులోనే, బర్మింగ్‌హాం కామన్వెల్తు క్రీడలలో, ఉత్తర ఐర్లండుకు చెందిన కార్లీ మెక్‌నాల్ మీద గెలిచి స్వర్ణము. అక్కడనే హుసాముద్దీన్‌కు కాంస్యము. ఇందులో వాదమునకు తావు లేదు.

5-0 అంటే అయిదు దెబ్బలు కొట్టినదని కొందరు అనుకొంటారు. అది కాదు. బరి చుట్టు అయిదుగురు తీర్పరులు కూర్చుంటారు. ఒక్కొక్క దఫాకు మేలు అనిపించినవారికి పది, రెండవవారికి తొమ్మిదో అంతకు తక్కువో మార్కులు వేస్తారు. మూడు దఫాలు ముగిసినపిమ్మట ఎందరు తీర్పరుల లెక్కలో ఎవరు పైన ఉన్నారో చెప్పేదే ఆ అంకె. 5-0 అంటే అయిదుగురికిని ఒకే మాట. 3-2 అంటే ఇద్దరు కాదన్నారు. వరుసగట్టేవారు గెలుపును మాత్రము చూచి, ఈ అంకెను చూడకపోతే సగము నిజము జారిపోతుంది.

2023 సంవత్సరము అంత సులభము కాదు. ఆ ఏట మార్చిలో ప్రపంచ పోటీలు ఢిల్లీలో జరిగినవి. నిఖత్ ఏబదిరెండు కిలోల తరగతిలో ప్రపంచ విజేత. కాని ఒలింపిక్ క్రీడలలో ఆ తరగతి లేదు గనుక ఏబదికి దిగినది. ఇక్కడ పట్టికల వింత చూడండి. కొత్త తరగతిలో ఆమెకు పూర్వపు లెక్క లేదన్న కారణమున, ప్రపంచ విజేత అయియుండియు, అగ్రశ్రేణి క్రీడాకారులకిచ్చే వరుస సంఖ్యలలో ఏ సంఖ్యయును ఆమెకు దక్కలేదు. వరుస సంఖ్య ఉన్నవారు తొలి మెట్టు ఎక్కకుండనే ముందుకు పోవచ్చును. ఈమె మొదటి మెట్టు నుంచి ఎక్కి ఆరు పోరులు పోరాడవలసివచ్చినది. ఆ త్రోవలో మొదటి సంఖ్య పొందిన అల్జీరియా యోధురాలు రుమైసా బువాలమ్ ఎదురైనది; ఓడినది. రియో ఒలింపిక్ పతకము గెలిచిన కొలంబియా యోధురాలు ఇంగ్రిట్ వాలెన్సియా ఎదురైనది, ఓడినది. మార్చి 26 న తుదిపోరులో వియత్నాముకు చెందిన న్గుయెన్ థి టామ్ 5-0 తో ఓడినది. పట్టికలో పేరు లేనిది పట్టికలో మొదటివారిని దాటి పోయినది.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఢిల్లీలో నిఖత్‌ను మిక్కిలి ఇబ్బంది పెట్టినది థాయిలాండుకు చెందిన చుతమత్ రక్సత్. తీర్పరుల అభిప్రాయభేదము నడుమ నిఖత్ గెలిచినది. అక్టోబరు 1 న చైనాలోని హాంగ్‌జౌలో, ఆసియా క్రీడల సెమీఫైనలులో, మరల వారిరువురే. ఈ మారు రక్సత్ 3-2 తో గెలిచినది, నిఖత్‌కు కాంస్యము. టర్పిన్, రాబిన్సన్ల కథ ఆరు మాసముల ఎడముతో మనకును పునరావృత్తమైనది.

ఆ ఏట మే నెలలోనే హుసాముద్దీన్ తాష్కెంటులో పురుషుల ప్రపంచ పోటీలలో సెమీఫైనలు చేరినాడు. అంతకు ముందటి పోరులో బల్గేరియా యోధుని మీద గెలుపు వెంట్రుకవాసిలో దక్కినది. క్యూబా యోధుడు సైదెల్ హోర్తాతో తలపడవలసిన వేళకు మోకాలు వాచి బరిలోనికి దిగలేకపోయినాడు. పోరాడకుండనే కాంస్యముతో తిరిగివచ్చినాడు. ఇది ఓటమియా? 1963 లో హెన్రీ కూపర్ నాటికి కాసియస్ క్లే అనే పేరుతో ఉన్న మహమ్మద్ అలీని వెంబ్లీలో ఎడమచేతి పోటుతో నేల కరిపించి, మరుసటి దఫాలో తన కన్ను చీలినందున ఓడినాడు. బ్రిటిష్ జనులు ఆ ఓటమినే నేటికిని గెలుపువలె తలచుకొంటారు. దేహము చేసిన ద్రోహమును నేర్పు ఖాతాలో వ్రాయరాదు. కాని జరగని పోరును గెలుపుగా కూడ వ్రాయరాదు.

మరియొక మాట దాచరాదు. 2023 లో ఆ రెండు ప్రపంచ పోటీలకును బ్రిటను, అమెరికా మొదలైన దేశములు రాలేదు. రష్యా, బెలారస్ యోధులను వారి జెండాలతో అనుమతించినందుకు నాటి అంతర్జాతీయ సంఘముతో వారికి తగవు వచ్చినది. రానివారిని ఓడించలేదని వచ్చినవారిని తప్పుపట్టరాదు. అయినను వరుసగట్టేవాడు ఆ లోటును లెక్కలో చూపవలెను.

ఇన్నింటిని తూచి 2023 కు నా వరుస చెప్పుతున్నాను. మొదటిస్థానము నిఖత్ జరీన్‌దే. ఒక స్వర్ణము, ఒక కాంస్యము ఉన్నవని కాదు. వరుస సంఖ్య లేకుండ ఆరు మెట్లు ఎక్కినందుకు, ఎదిరినవారిలో పేరుపొందినవారు ఉన్నందుకు. హాంగ్‌జౌ ఓటమి ఆమె లెక్కలో కొంత తగ్గిస్తుంది, గాని స్థానము మార్చదు. రెండవ స్థానము హుసాముద్దీన్‌ది. ఆ సెమీఫైనలు జరిగియుంటే ఏమయ్యేదో అన్నది ఊహ. ఊహకు మార్కులు వేయను. నా వరుసతో ఏకీభవించనివారు ఉండవచ్చును. ఉండనిండు. కాని ఏ కారణమున ఎవరిని ఎక్కడ ఉంచినానో మీకు చెప్పినాను. కారణము చెప్పని వరుస తీర్పు కాదు, ఆజ్ఞ.

ఇప్పుడు అసలు విషయమునకు వస్తున్నాను. రేడియో ముందర కూర్చుండి మనము కట్టే వరుస వల్ల ఎవరికిని నష్టము లేదు. జట్టును ఎంచే వరుస వల్ల ఉన్నది. 2019 లో ఒలింపిక్ అర్హత పోటీలకు ఏబదియొక కిలోల తరగతిలో ఒక్కరినే పంపవలెను. మేరీ కోమ్ ఆరు పర్యాయములు ప్రపంచ విజేత. ఆ ఏటనే ప్రపంచ పోటీలలో కాంస్యము తెచ్చినది. ఆమెకు పరీక్షాపోరు ఎందుకు, నేరుగా పంపవచ్చును గదా అన్న యోచన సాగినది. ఇరువదిమూడేండ్ల నిఖత్ అక్టోబరులో కేంద్ర క్రీడామంత్రికి లేఖ వ్రాసినది. తనకు స్థానము ఇమ్మని ఆమె కోరలేదు. పోటీపడే అవకాశము ఇమ్మన్నది. డిసెంబరు 28 న ఢిల్లీలో పరీక్షాపోరు జరిగినది. మేరీ కోమ్ 9-1 తో గెలిచినది. నిఖత్ ఓడినది. ఓడినను, ఆమె అడిగినది ఆమెకు దక్కినది. మేరీ కోమ్ ఘనతకును భంగము రాలేదు. పూర్వకీర్తితోకాక ఆనాటి పిడికిటితో ఆమె టోక్యోకు త్రోవ చేసికొన్నది. మూడు సంవత్సరములు తిరగకముందే నిఖత్ ప్రపంచ విజేత అయినది. ఓడిన ఆ దినము కూడ ఆమెకు పాఠమే అయి ఉండవలెను.

ఆ వేళ తెలుగువారము అందరము నిఖత్ పక్షమున నిలిచినాము. న్యాయమే. కాని 2023 లో త్రాసు మరొక ప్రక్కకు తిరిగినది. ఆ ఏట జట్టును పరీక్షాపోరులతో కాక, శిబిరములో కొన్ని వారములు పరిశీలించి మార్కులు వేసి ఎంచే పద్ధతి వచ్చినది. స్త్రీలలోను పురుషులలోను కొందరు యోధులు ఇది అన్యాయమని ఢిల్లీ హైకోర్టుకు పోయినారు. పురుషులు ముగ్గురు, వారిలో ఒకడు ఏబదియేడు కిలోల తరగతివాడు, అనగా మన హుసాముద్దీన్ స్థానమును కోరినవాడు. ఇక్కడ మనవాడు లోపల, ఇతరుడు వెలుపల. అప్పుడు మనలో ఎందరము ఆ వెలుపలివాని మాట విన్నాము? మనవాడు పతకము తెచ్చినాడు గదా, ఎంపిక సరియైనదే అని సరిపెట్టుకొన్నాము. పతకము హుసాముద్దీన్ శక్తిని రుజువు చేసినది, సందేహము లేదు. కాని బరిలో వారిరువురిని తలపడనిస్తే ఏమయ్యేదో ఆ పతకము చెప్పలేదు. శిబిరపు మార్కులకును ఒక వాదము ఉన్నది: ఒక్క దినపు జ్వరము, ఒక్క పోటు వల్ల మంచి యోధుడు పోరాదని. అది కొట్టివేయదగిన వాదము కాదు. అట్లయితే ఆ మార్కులు ఎట్లు వేసినారో అందరికిని తెలియవలెను. 2019 లో మన పిల్లకు కోరిన కొలతను 2023 లో ఇతరుల పిల్లవానికి నిరాకరిస్తే, మనము కోరినది న్యాయము కాదు, మన వంతు.

శ్రోతలు అడుగవచ్చును: ఏటికి అయిదువందల ఏబది మిల్లీమీటర్ల వానకు ఆకాశము చూచే ఈ మెట్టనేలకు ఈ గోడు ఎందుకు? ఉన్నది. వరుసగట్టడములోని కష్టము మన రైతుకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. ఒక ఏట వేరుసెనగ కాయ పట్టలేదని చేను చెడ్డదని ఎవరైన అంటారా? అదను తప్పిన వానకు చేను బాధ్యురాలు కాదు. నిఖత్ 2011 లోనే టర్కీదేశములో బాలికల ప్రపంచ పోటీలలో విజేత. 2017 లో భుజము గాయపడి ఆ ఏడంతయు బరికి దూరమైనది. ఆ ఏటి పట్టిక చూచి ఆమెను కొట్టివేసియుంటే, 2022 నాటి పంట ఇల్లు చేరియుండేది కాదు. కరవు ఏడు చేనికి వచ్చినట్లే యోధునికిని వస్తుంది. విత్తనము దాచుకొనేవాడు రైతు. అక్కరలేదని అమ్ముకొనేవాడు కాదు.

మన జిల్లాలో ఆటల మీద మక్కువ తక్కువ కాదు. 1969 లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్.డి.టి. సంస్థ మైదానములలో పల్లె పిల్లలు క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాలు, జూడో నేర్చినారు. 2010 లో అక్కడ రఫాయెల్ నడాల్ పేరిట టెన్నిసు పాఠశాల ఏర్పడినది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్టు పోటీలు ఆ మైదానములో జరిగినప్పుడు దేశము పేరుపొందిన ఆటగాండ్రు అనంతపురము ఎండను రుచిచూచినారు. ముష్టియుద్ధములో ప్రపంచ పీఠమెక్కిన బిడ్డ ఈ గడ్డ నుంచి ఇంకను రాలేదు. కాని విశాఖపట్టణము నుంచి ఎన్. ఉష వచ్చినది, 2020 లో ధ్యాన్‌చంద్ పురస్కారము అందుకొన్నది. నిజామాబాదు నుంచి ఇద్దరు వచ్చినారు. ఆ పట్టణము మన పట్టణములకంటె భాగ్యవంతమైనదేమి కాదు. అక్కడ ఉన్నది ఒక మైదానము, ఒక గురువు, ఆడపిల్లను బరిలోనికి పోనిచ్చిన ఒక తండ్రి.

రేపు కళ్యాణదుర్గమునుంచో ఉరవకొండనుంచో ఒక బాలిక చేతికి తొడుగులు కట్టుకొని జిల్లా ఎంపికకు వస్తుంది. బస్సు ఛార్జీకి ఇంట ఏదో ఒకటి అమ్మి వచ్చినదనుకొనండి. ఆమెకు పతకము ఇస్తామని ఎవరును మాట ఇవ్వలేరు. ఇవ్వదగినవి మూడు ఉన్నవి. ఒకటి, అందరి ఎదుట తూకము. రెండు, తీర్పరుల మార్కులను గోడమీద అంటించడము. మూడు, ఎంపికైనవారితో నాకు పోరు ఇప్పించండని అడిగే హక్కు. వీనికి ధనము పట్టదు. వాన కూడ పట్టదు. ఈ మూడును ఉంటే ఓడిపోయి ఇంటికి పోయే బాలిక కూడ 'నన్ను చూచినారు, తూచినారు, తక్కువైనాను. మరుసటి ఏట వస్తాను' అనుకొని పోతుంది. లేకపోతే మరల రాదు. ఆమె రాకపోవడము ఏ పట్టికలోను కనబడదు.

వరుసలు మారుతూనే ఉంటాయి. 2022 లో సోఫియాలో నిఖత్ చేతిలో ఓడిన టర్కీ యోధురాలు బుసె నాజ్ చకిరోగ్లు, 2025 సెప్టెంబరులో లివర్‌పూలు ప్రపంచ పోటీలలో నిఖత్‌ను 5-0 తో ఓడించినది. రెండు మాసములలో నిఖత్ ఢిల్లీ చెంతనున్న గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్పు ఫైనల్సులో మరల స్వర్ణము గెలిచినది. కావున ఏ ఏటి మేటి ఎవరని మీ ఇండ్లలో వాదించుకొనండి; వాదము మంచిదే. పిల్లలు ఎదురుచెప్పితే చెప్పనిండు. ఒక్కటి మాత్రము మరువకండి. మనవారిని తూచిన రాళ్లతోనే పైవారినికూడ తూచండి. రాయి మార్చినవాని సంతలో నాణ్యమైన సరుకు ఎక్కువకాలము నిలువదు.